ఊళ్లో వదిలేసిన బండి, ట్యాంకులో ఇరవై శాతం ఇథనాల్

మనలో చాలామందికి ఊళ్లో ఒక బండి ఉంటుంది. కాలేజీ రోజుల్లో నాన్న కొనిచ్చిందో, మొదటి జీతంతో మనం కొనుక్కున్నదో. అమ్మేద్దామంటే మనసొప్పదు. సెలవుల్లో వెళ్ళినప్పుడు పదిహేను రోజులు తిరుగుతాం, మళ్ళీ ఏడాది దాకా దాని మొహం చూడం. విమానం ఎక్కే హడావుడిలో పాస్‌పోర్టు చూసుకుంటాం, ఆవకాయ జాడీకి మూత బిగిసిందో లేదో చూసుకుంటాం, బండి ట్యాంకులో ఏముందో మాత్రం చూసుకోం. నేనూ చూసుకోలేదు. అందుకే ఈ వ్యాసం.

నేను ఉండేది ఒమన్ దేశంలో దుక్మ్ అనే ఊళ్లో. మస్కట్‌కి దక్షిణంగా సుమారు 550 కిలోమీటర్ల దూరంలో, అరేబియా సముద్రం ఒడ్డున ఉంటుంది. ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ళ పల్లె. ఇప్పుడు ఓడరేవు, డ్రై డాక్, ప్రత్యేక ఆర్థిక మండలి, రోజుకి 2 లక్షల 30 వేల పీపాల ముడిచమురు శుద్ధి చేసే రిఫైనరీ ఉన్నాయి. ఆ రిఫైనరీని 2024 ఫిబ్రవరిలో ఒమన్ సుల్తాన్, కువైట్ అమీర్ కలిసి ప్రారంభించారు. నా పని సాఫ్ట్‌వేర్. ట్యాంకుల్లో ఎంత మట్టం ఉంది, ఎంత ఉష్ణోగ్రత ఉంది, అడుగున నీళ్ళెన్ని చేరాయి అని లెక్కలు చూపించే తెరల వెనక కోడు రాస్తాను. అంటే పొద్దస్తమానం ఇంధనం నిల్వ గురించే ఆలోచించే ఉద్యోగం. అలాంటివాడిని ఇంట్లో పది లీటర్ల ట్యాంకు విషయంలో బోర్లా పడ్డాను!

2025 సంక్రాంతికి కాకినాడ వెళ్ళాను. నాన్న వంద సీసీ బండి ఉంది, హీరో, హోండా కలిసి ఉన్న రోజుల నాటిది. పండగ నాలుగు రోజులూ దాని మీదే తిరిగాను. వచ్చేసే రోజు మెట్ల కింద పెట్టి, కవరు కప్పి, తాళం నాన్న చేతిలో పెట్టాను. ట్యాంకులో నాలుగు లీటర్ల పెట్రోలు ఉంది. పెట్రోలు నాబ్ ఆన్‌లోనే ఉండిపోయింది. "వారానికోసారి స్టార్ట్ చెయ్యి నాన్నా, బండి పాడవకుండా ఉంటుంది" అని ఒక ఉచిత సలహా కూడా ఇచ్చి వచ్చాను.

ఆగస్టులో ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ మోగింది. అక్కడ అయిదున్నర. ఆ వేళప్పుడు ఇంటి నుంచి ఫోన్ వస్తే గుండె ఎలా ఉంటుందో పరాయి దేశంలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

"ఒరేయ్, ఇల్లంతా పెట్రోలు కంపు కొడుతోందిరా. మీ అమ్మ పొయ్యి వెలిగిద్దామని వెళ్ళి, వాసనకి ఆగిపోయింది."

మా వంటింటి కిటికీ మెట్ల వైపే ఉంటుంది. బండి కింద చాప వెడల్పున తడి. రాత్రంతా చుక్క చుక్కగా కారింది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. పైకి పోదు, నేల మీదే పాకుతూ తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది. అమ్మ ఆ రోజు జలుబుతో ఉండి వాసన తెలియకపోయి ఉంటే ఏమయ్యేదో నేను రాయదలచుకోలేదు.

లైట్లు, ఫ్యానులు వేసి ఉన్నవి వేసి ఉన్నట్టే, ఆపి ఉన్నవి ఆపి ఉన్నట్టే వదిలెయ్యమని, స్విచ్చులేవీ ముట్టుకోవద్దని, తలుపులన్నీ తీసి ఇద్దరూ వీధిలోకి రమ్మని చెప్పాను. గాలి ఆడి వాసన పూర్తిగా తగ్గాక, మధ్యాహ్నం మెకానిక్ బండిని రోడ్డు మీదకి తోసి విప్పుతుంటే, నాన్న కొంచెం దూరంగా నిలబడి వీడియో కాల్‌లో చూపించారు. అప్పుడు అర్థమైంది, ఇది ఒక్క రోజులో జరిగింది కాదని.

అసలు జరిగిందేమిటి?

కార్బురేటర్ అడుగున చిన్న గిన్నె ఉంటుంది. దాన్ని ఫ్లోట్ బౌల్ అంటారు. అందులో తేలే బెండు పైకి లేచినప్పుడు ఒక సూది వెళ్ళి పెట్రోలు దారిని మూస్తుంది. మన ఇళ్ళ మీద నీళ్ళ ట్యాంకులో ఉండే బాల్ వాల్వు లాంటిదే. గిన్నెలో పెట్రోలు కొన్ని వారాల్లో ఆవిరవుతుంది. తేలికైన భాగాలు ముందు పోతాయి. మిగిలిన బరువైన భాగాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా, తర్వాత వార్నిష్‌లా మారతాయి. నాబ్ ఆపి ఉంటే ఇది ఒక్కసారితో అయిపోతుంది. నాబ్ ఆన్‌లో ఉంటే? మట్టం తగ్గినప్పుడల్లా ట్యాంకు నుంచి కొత్త పెట్రోలు వచ్చి చేరుతుంది, అదీ ఆవిరవుతుంది, ఇంకొంత జిగురు మిగులుతుంది. పాలు మరగబెట్టి కోవా చేసినట్టు, ఏడు నెలల పాటు నేను ఆ గిన్నెలో జిగురు తయారు చేశాను.

ఇక ట్యాంకు లోపల పాత తుప్పు ఉంది. ఇరవయ్యేళ్ళ ఇనుప ట్యాంకు, ఉండక మానదు. ఇథనాల్ మంచి ద్రావకం. ఇన్నేళ్ళుగా గోడలకి అంటుకుని ఉన్న మడ్డిని అది వదిలిస్తుంది. ఆ మడ్డితో పాటు తుప్పు నలక కదిలి కిందకి వచ్చింది. నాన్న పాపం నేను చెప్పినట్టే శనివారం సాయంత్రం కిక్కు కొట్టారు. నలక వెళ్ళి జిగురు పట్టిన సూది కింద ఇరుక్కుంది. సూది మూసుకోలేదు. నాబ్ దగ్గరి పాత రబ్బరు వాషరు కూడా ఉబ్బి చీలి ఉందని మెకానిక్ చూపించాడు. ఆ పాత రకం రబ్బరు పెట్రోలుకి తట్టుకుంటుంది కానీ, ఇథనాల్‌లో నానితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, రెండు మూడు సార్లు అలా అయ్యాక పగులుతుంది. పాత బుల్లెట్లలో వాడిన బెండు వాషర్లదీ అంతే. వైటాన్ లాంటి ఫ్లోరోకార్బన్ రబ్బరుకి ఈ బాధ చాలా తక్కువ.

ఇందులో తప్పెవరిది అని ఆలోచిస్తే, ముప్పాతిక వంతు నాదే. నాబ్ ఆపి ఉంటే ఇంత జరిగేది కాదు. మిగిలిన పావు వంతు కాలం మారడం. ఇరవయ్యేళ్ళ క్రితం తయారైన బండిలో ఇప్పటి పెట్రోలు పోస్తున్నాం.

ఇరవై శాతం ఎప్పుడు వచ్చింది?

పెట్రోల్లో ఇథనాల్ కలపడం కొత్తేమీ కాదు. 2003 జనవరిలోనే 9 రాష్ట్రాల్లో 5 శాతం కలపాలని మొదలుపెట్టారు. అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. చాలా ఏళ్ళు అది కాగితాల మీద ఎక్కువ, బంకుల్లో తక్కువగా నడిచింది. 2022 జూన్ నాటికి దేశం మొత్తం మీద 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపిన పెట్రోలుని 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రారంభించారు. మొదట 11 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని 84 బంకుల్లోనే దొరికేది. 2030కి పెట్టుకున్న లక్ష్యాన్ని ముందుకు జరిపి, 2025కల్లా 20 శాతానికి వచ్చేశారు. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలని వేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. కాబట్టి మామూలు బంకులో బండి ఆపితే ట్యాంకులో పడేది ఇదేనని లెక్క వేసుకోవడం మంచిది.

ఈ ఇథనాల్ ఎక్కడిది అంటే చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, నూకల నుంచి. ముడిచమురు దిగుమతి తగ్గాలని, రైతుకి ఇంకో గిరాకీ రావాలని ప్రభుత్వం చెప్పే మాట. దీనికి ఇంకో వైపూ ఉంది. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం జాతీయ రహదారి మీద కూర్చున్నారు. ఆ చర్చ పెద్దది, ఇంకోసారి చూద్దాం. మన ట్యాంకు సంగతికి వద్దాం.

వాట్సాప్‌లో తిరిగే భయాలన్నీ నిజం కాదు. రోజూ తిరిగే బండికి, ముఖ్యంగా 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండికి, ఈ పెట్రోలుతో నిల్వ సమస్యే లేదు. పోసింది వారం పది రోజుల్లో అయిపోతుంది. పైగా ట్యాంకులో చేరిన కాస్త తేమని ఇథనాల్ తనలో కలుపుకుని ఇంజన్లోకి తీసుకెళ్ళి బయటకి పంపేస్తుంది, అది ఒక ఉపకారమే. మైలేజి కాస్త తగ్గుతుంది. లీటరు పెట్రోల్లో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటే లీటరు ఇథనాల్లో 21 మాత్రమే. ఇథనాల్ లేని పెట్రోలుకి తయారై, 10 శాతానికి సర్దిన బైకుల్లో 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదిక లెక్క కట్టింది. నిలిపి ఉంచిన బండి కథ వేరు. మన కథ అదే.

నీళ్ళ లెక్క

ఇథనాల్‌కి నీళ్ళంటే ప్రాణం. పెట్రోలుకి నీళ్ళు పడవు. మూడూ ఒకచోట ఉంటే ఇథనాల్ మధ్యవర్తిలా ఉండి కొంతదాకా సర్దుబాటు చేస్తుంది. నీళ్ళు హద్దు దాటితే పెట్రోలుని వదిలేసి నీళ్ళతో వెళ్ళిపోతుంది. బరువైన ఆ నీళ్ళు, ఇథనాల్ మిశ్రమం ట్యాంకు అడుగుకి చేరుతుంది. పైన మిగిలేది ఆక్టేన్ తగ్గిన పెట్రోలు. కింద ఉన్నది ఇనుముని తుప్పు పట్టిస్తుంది, కార్బురేటర్ లోహం మీద తెల్లటి పొడి పుట్టిస్తుంది. ఇంజన్లోకి ముందు వెళ్ళేదీ అదే, ఎందుకంటే నాబ్ ఉండేది అడుగునే కదా.

ఆ హద్దు ఎంత? 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు 15 డిగ్రీల దగ్గర సుమారు అర శాతం నీటిని భరిస్తుంది. పది లీటర్లకి 50 మిల్లీలీటర్లు. 20 శాతానిది అంతకన్నా ఎక్కువే. చలి పెరిగితే హద్దు తగ్గుతుంది.

గాలిలో తేమ వల్లే ఇదంతా జరుగుతుందని చాలాచోట్ల చదివాను. నాకు నమ్మకం కలగక లెక్క వేశాను. పది లీటర్ల ఖాళీ ఉన్న ట్యాంకు, పగటికీ రాత్రికీ పది డిగ్రీల తేడా ఉంటే, రోజుకి సుమారు 300 మిల్లీలీటర్ల గాలిని వదిలి మళ్ళీ పీలుస్తుంది. కాకినాడలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ అనుకుంటే ఘనమీటరు గాలిలో 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అంటే ఒక రోజు పీల్చిన గాలిలో ఒక గ్రాములో వందో వంతు కూడా లేదు. పదకొండు నెలలకి రెండున్నర గ్రాములు! పెట్రోలు ఆవిరి వల్ల ఆ ఊపిరి ఇంకొన్ని రెట్లు పెరిగినా, నిండు ట్యాంకుని ఏమీ చెయ్యలేదు. లీటరో అర లీటరో అడుగున మిగిల్చి పోతే మాత్రం భయపడాలి. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ, పైగా పెట్రోలు తగలని గోడలన్నిటికీ తుప్పు. మనం చేసేది సరిగ్గా అదే కదా, "ఎలాగూ వెళ్ళిపోతున్నాం, పెట్రోలెందుకు పొయ్యడం" అని.

నిజమైన శత్రువు గాలి కాదు, నీళ్ళుగా వచ్చే నీళ్ళు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను కోస్తాలో తీరం దాటింది. మా బాబాయి కొడుకు బండి ఆరుబయట ఉంది. ట్యాంకు మూత చుట్టూ వాన నీరు పోవడానికి చిన్న కన్నం ఉంటుంది. అది మట్టితో పూడిపోయింది. మూత రబ్బరు గట్టిపడి ఉంది. చుట్టూ నిలిచిన నీళ్ళు లోపలికి దిగాయి. నెల తర్వాత స్టార్ట్ అవ్వడం లేదన్నాడు. "అన్నయ్యా, ప్లగ్ మార్చాను, బ్యాటరీ మార్చాను" అని ఖర్చుల జాబితా చదివాడు. రోడ్డు మీద, గాలి ఆడే చోట, కార్బురేటర్ డ్రెయిన్ స్క్రూ విప్పి కాస్త ఇంధనాన్ని గాజు సీసాలోకి పట్టి పావుగంట కదపకుండా పెట్టమన్నాను. ఫోటో పంపాడు. రెండు పొరలు, మధ్యలో గీత గీసినట్టు.

అలా విడిపోయిన పెట్రోలుని ఏ మందూ బాగుచెయ్యదు. కుదిపితే కాసేపు కలిసినట్టు కనిపించి మళ్ళీ విడిపోతుంది. అంతా తీసెయ్యాల్సిందే. కాలవలో మాత్రం పొయ్యకండి.

డిసెంబరులో సెలవుకి వెళ్ళినప్పుడు ఇంకో పరీక్ష చేశాను. స్కూలు ప్రయోగశాలల సామాన్లు అమ్మే షాపులో 100 మిల్లీలీటర్ల కొలజాడీ కొన్నాను. డాబా మీద, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని, 10 మిల్లీలీటర్ల నీళ్ళు, 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూసి, కుదిపి, నిలకడగా పెట్టాను. కింది పొర 10 దగ్గర ఉండాల్సింది, 28 దగ్గరికి వచ్చి ఆగింది. ఆ పెరిగిన 18, తొంభైలో ఇరవై శాతం. నాన్న కళ్ళజోడు పైకి నెట్టి చూసి, "అయితే నేను ఇన్నాళ్ళూ బండికి మందు పోయిస్తున్నానన్నమాట" అన్నారు.

మిషిగన్ పాఠం

నేను మిషిగన్‌లో ఎం.ఎస్. చదివేటప్పుడు మా ఇంటి యజమాని ఏటా నవంబరులో ఒక తంతు చేసేవాడు. మంచు పడేలోగా మోటార్ సైకిల్ ట్యాంకు నింపి, ఎర్రటి ద్రవం ఒకటి కొలిచి పోసి, పది నిమిషాలు ఇంజన్ నడిపి, గ్యారేజిలో పెట్టి ఏప్రిల్ దాకా ముట్టుకునేవాడు కాదు. ఆ ద్రవం స్టెబిలైజర్. అక్కడ పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ మామూలే. 15 శాతం ఉన్నదాన్ని మోటార్ సైకిళ్ళలో పొయ్యకూడదని అక్కడి పర్యావరణ సంస్థ నిబంధన, పంపు మీద నారింజ రంగు చీటీ ఉంటుంది. మనవాళ్ళం రూమ్మేట్లం కిటికీలోంచి చూసి నవ్వుకునేవాళ్ళం, బండికి శీతాకాలం సెలవులేమిటి అని. ఇప్పుడు అనిపిస్తోంది, మన బండ్లకీ శీతాకాలం ఉంది. మనం ఊళ్లో లేని కాలమే దానికి శీతాకాలం.

అయితే ఆయన పద్ధతిని ఉన్నదున్నట్టు కాకినాడకి తెచ్చుకోకూడదు. ఆయనది అయిదు నెలలు, చల్లటి గ్యారేజి, ఇంటికి దూరంగా. మనది పదకొండు నెలలు, ఎండ, ఉప్పు గాలి, వంటింటి పక్కన మెట్ల కింద. నిండు ట్యాంకు పెట్రోలుని అమ్మానాన్నల పడక గదికి పది అడుగుల దూరంలో ఏడాది పాటు ఉంచడం నాకు ఇష్టం లేదు.

అందుకని నా పద్ధతి ఇది. రెండు మూడు నెలలలోపు తిరిగి వచ్చేటట్టయితే, లేక ఇంట్లో ఎవరైనా మధ్యలో నడుపుతారంటే, ట్యాంకు దాదాపు నింపి స్టెబిలైజర్ పొయ్యడం. అంచు దాకా నింపకూడదు. ఎండకి వ్యాకోచించడానికి చోటుండాలి. బీఎస్ 6 బండ్లలో ఆవిరి పీల్చే బొగ్గు డబ్బా ఉంటుంది, అందులోకి పెట్రోలు పోతే అదొక ఖర్చు. స్టెబిలైజర్ తాజా పెట్రోల్లోనే పనిచేస్తుంది. అది ఆక్సిజన్‌తో జరిగే చర్యని నెమ్మది చేస్తుంది తప్ప నీళ్ళని ఆపదు, పాతబడిన పెట్రోలుని కొత్తది చెయ్యదు. సీసా మీద రాసిన కొలతే పొయ్యండి, ఎక్కువ పోస్తే ఎక్కువ మేలు కాదు. ఎవరూ సూట్‌కేసులో పెట్టుకుని రాకండి, మండే ద్రవాలు విమానంలో నిషేధం. ఇండియాలోనే ఆన్‌లైన్లో దొరుకుతాయి. ఇంకో మాట, 100 ఆక్టేన్ పెట్రోలు పోస్తే ఎక్కువ కాలం నిల్వ ఉంటుందా అని అడుగుతారు. ఆక్టేన్‌కీ నిల్వకీ సంబంధం లేదు.

నింపే రోజు కూడా చూసుకోవాలి. భారీ వానలు పడి బంకు చుట్టూ నీళ్ళు నిలిచిన వారంలో నిల్వ కోసం పెట్రోలు పోయించకండి. బంకు భూగర్భ ట్యాంకులోనూ ఇదే రసాయన శాస్త్రం. పెట్రోల్లో ఇథనాల్‌ని రిఫైనరీలో కాక, డిపోలో, లారీ ఎక్కే ముందు కలుపుతారు. దారి పొడవునా నీళ్ళు తగిలే అవకాశం తగ్గించడం కోసమే. మేం పనిచేసే పెద్ద ట్యాంకులకి కప్పు కూడా ఇంధనం మీదే తేలుతూ ఉంటుంది, మధ్యలో గాలికి చోటు లేకుండా. అడుగున చేరిన నీళ్ళని ఎప్పటికప్పుడు తీసేస్తారు. గాలికి చోటివ్వకు, నీళ్ళని నిలవనియ్యకు. లక్ష ఘనమీటర్ల ట్యాంకుకైనా పది లీటర్ల ట్యాంకుకైనా అదే సూత్రం.

మూడు నెలలు దాటితే, కార్బురేటర్ బండికి నా ఓటు పూర్తిగా ఖాళీ చెయ్యడానికే. వచ్చే ముందు రోజు పగలు, ఆరుబయట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, పక్కన సిగరెట్టు, పూజ దీపం, ఫోన్ ఛార్జర్ ఏమీ లేకుండా. నాబ్ దగ్గర పైపు తీసి పెట్రోలుని ఇనుప డబ్బాలోకి పట్టాలి. మంచినీళ్ళ ప్లాస్టిక్ సీసాల్లో పట్టకండి. అది మెత్తబడుతుంది, అంతకన్నా ముఖ్యంగా ఎవరో ఒకరు నీళ్ళనుకుంటారు. ఆ పెట్రోలు వెంటనే ఇంట్లో తిరిగే ఇంకో బండిలో పోసేస్తే పని అయిపోతుంది. తర్వాత పైపు తగిలించి, ఇంజన్ స్టార్ట్ చేసి దానంతట అది ఆగేదాకా వదలాలి. అంతటితో గిన్నె ఖాళీ అయిందనుకోవద్దు. ఇంజన్ ఆగాక కూడా అడుగున కొంచెం ఉంటుంది. బౌల్ కింద డ్రెయిన్ స్క్రూ విప్పి ఆ చివరి చుక్కలు తియ్యాలి. ఈ ఒక్క స్క్రూ సంగతి మర్చిపోయినవాళ్ళే తిరిగి వచ్చాక కార్బురేటర్ కడిగించుకుంటారు. ఐడిలింగ్ జెట్ కన్నం అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ చుక్కల జిగురు చాలు దాన్ని మూసెయ్యడానికి. పైగా ఇథనాల్ పెట్రోలుకి గాలి తక్కువ, ఇంధనం ఎక్కువ కావాలి. మామూలు పెట్రోలు కిలో మండడానికి 14.7 కిలోల గాలి అయితే ఇథనాల్‌కి 9 చాలు. సగం మూసుకున్న పాత జెట్‌తో ఇరవై శాతం పెట్రోలు వాడితే, చోక్ లాగితేనే నడిచి, వదలగానే ఆగిపోతుంది. ఆ లక్షణం కనిపిస్తే ప్లగ్గులు మార్చుకుంటూ పోకండి.

ఖాళీ ట్యాంకు తుప్పు పడుతుంది కదా అని మీరు అడుగుతారు. పడుతుంది. అందుకని ఎండలో మూత తీసి ఆరనిచ్చి, ఒక టీ గ్లాసుడు ఇంజనాయిల్ పోసి, ట్యాంకుని అటూ ఇటూ వంచి గోడలన్నిటికీ అంటేలా తిప్పి, మిగిలింది వంచేసి, మూత పెట్టాలి. నాబ్ ఆఫ్ చెయ్యాలి. నాబ్ ఆఫ్ చెయ్యాలి. రెండుసార్లు రాసింది పొరపాటున కాదు.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి ఈ పద్ధతి వద్దు. 2020 ఏప్రిల్ తర్వాత మన బైకులు దాదాపు అన్నీ ఇవే. పంపు ట్యాంకు లోపలే పెట్రోల్లో మునిగి ఉంటుంది, దాని చల్లదనమూ ఆ పెట్రోలే. పొడిగా తిప్పితే పంపు పోతుంది. వీటికి తాజా పెట్రోలు, స్టెబిలైజర్, ఆ మిశ్రమం ఇంజెక్టర్ దాకా వెళ్ళేలా పది నిమిషాలు నడపడం, ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పడం. ఏడాది ఆగేటట్టయితే దగ్గరి బంధువుకి ఇచ్చి వాడుకోమనడం అన్నిటికన్నా మంచిది. బండికీ మంచిది, బంధుత్వానికీ మంచిది, గీతలు పడ్డా ఏమనకూడదు, అంతే.

ఇక ఆ వారం వారం కిక్కు కొట్టే సలహా. నేను నాన్నకి ఇచ్చినది, మీరూ ఇచ్చే ఉంటారు. అయిదు నిమిషాలు నడిస్తే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. సైలెన్సర్లో, ఇంజనాయిల్లో నీటి ఆవిరి చేరి అక్కడే ఉంటుంది. గిన్నె మళ్ళీ నిండుతుంది, మళ్ళీ ఎండుతుంది. నడిపితే ఇరవై ముప్ఫై నిమిషాలు రోడ్డు మీద నడపాలి, లేకపోతే అసలు ముట్టుకోకూడదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి కొడుకు బండి బతికి ఉండాలని ప్రతి శనివారం మోకాలి నొప్పితో కిక్కు కొట్టారు. నాకు చెప్పలేదు. అమ్మ చెప్పింది.

తిరిగి వచ్చాక ఆత్రపడకండి. ట్యాంకులో పెట్రోలు ఉంచి వెళ్ళి ఉంటే ముందు గాజు సీసాలో పట్టి చూడండి. పొరలున్నా, టీ డికాషన్ రంగుకి తిరిగినా, వార్నిష్ వాసన కొట్టినా పారబోయించాల్సిందే. ఖాళీ చేసి వెళ్ళి ఉంటే, అర లీటరు పెట్రోలుతో ట్యాంకు కడిగి, ఆయిల్ తీసేసి, రెండు లీటర్లు తాజాగా పోయండి. నాబ్ ఆన్ చేసి పది నిమిషాలు కింద చూస్తూ కూర్చోండి. చుక్క కారకపోతేనే కిక్కు. పాత బండి అయితే ఆ రోజే పెట్రోలు పైపు, నాబ్ వాషరు, ఫ్లోట్ సూది మార్పించెయ్యండి, ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరు కావాలని అడిగి మరీ. పెద్ద ఖర్చు కాదు.

దుక్మ్‌లో బండ్లున్న మిత్రులకి ఒక మాట. ఇక్కడి బంకుల్లో అమ్మే పెట్రోల్లో ఇథనాల్ గొడవ లేదు. కానీ ఆవిరవ్వడం, జిగురు పట్టడం ఇథనాల్ లేకపోయినా జరిగేవే. పైగా వేసవి అంతా వీచే రుతుపవనాల గాలి ఉప్పునీ ఇసుకనీ మోసుకొస్తుంది. నలభై అయిదు రోజుల సెలవుకి వెళ్ళినా బౌల్ ఖాళీ చేసి, మూత మీద గుడ్డ కట్టి వెళ్ళండి.

ఈసారి డిసెంబరు సెలవు చివరి రోజున ఇదంతా నాన్న చేత చేయించాను, నేను పక్కన కూర్చుని చూశాను. డ్రెయిన్ స్క్రూ కోసం ఆయన వేళ్ళతో వెతుక్కుని, దొరకగానే నా వైపు తిరిగి, "ఇదేనా?" అన్నారు. అదే. నాబ్ పక్కన ట్యాంకు మీద తెల్ల పెయింటుతో ఆయన చేతిరాతతోనే "ఆపు" అని రాసుకున్నారు. బండి ఇప్పుడు మెట్ల కింద లేదు, వీధి వైపు షెడ్డులో ఉంది. వంటింటి కిటికీ పక్కన అమ్మ కరివేపాకు కుండీ పెట్టింది.